బీరువాలో తడిసిన రాయి

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు భూగోళం చెప్పినవాణ్ణి. మా మిల్లు కాలనీలో ఎవరికైనా పూనకం వస్తే జనం వేపాకు తెమ్మనేవారు, నేను థర్మామీటరు తెమ్మనేవాణ్ణి. అందుకని చాలామందికి నేనంటే ఒళ్ళుమంట. నిజం చెప్పాలంటే అదీ నాకు సరదాగానే ఉండేది.

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కూడా దయ్యం లేదు. ఒక రాయి ఉంది. ఆ రాయి పుట్టిన దీవిలో మనుషులే లేరు. బతికినవాళ్ళు లేనిచోట చచ్చినవాళ్ళుండరు, చచ్చినవాళ్ళు లేనిచోట దయ్యాలుండవు అని ఒకప్పుడు నేనే గట్టిగా వాదించేవాణ్ణి.

మాది కోయంబత్తూరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మావాళ్ళు ఇటువైపు ఎన్ని తరాల కింద వచ్చారో ఎవరికీ సరిగ్గా తెలియదు. తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక సొంతంగా నేర్చుకున్నాను, రాతలో తప్పులుంటే మన్నించండి. నాన్న నూలుమిల్లులో పనిచేసి, ఆ దూదంతా ఊపిరితిత్తుల్లో నింపుకొని వెళ్ళిపోయాడు. తరువాత ఇంట్లో మిగిలింది అమ్మ, నేను, తమ్ముడు రంగసామి. అమ్మ పుట్టిల్లు కారమడై. అక్కడి గుడిలో రాతి రూపంలో వెలసిన రంగనాథుడి పేరే వాడికి పెట్టింది. కానీ అందరం చిన్నోడనే పిలిచేవాళ్ళం.

నేను మిల్లు బడిలో మాస్టర్ని. చిన్నోడు అదే మిల్లులో ఫిట్టరు. మిల్లు కూతను మావాళ్ళు సంగు అంటారు. సంగు కూస్తే లేవడం, సంగు కూస్తే తినడం వాడికి పడలేదు. ఒకరోజు సంచి సర్దుకున్నాడు. ఓడలో ఇంజను గదిలో పని దొరికిందన్నాడు.

అమ్మ ఏడిస్తే నవ్వాడు. "యేడ ఇంజను ఉంటే ఆడ నాకి సోరు దొరుకుతాది మా, నువ్వేమీ కవలపడొద్దు" అన్నాడు. అన్నానికి దిగులు లేదు సరే, మనిషి సంగతి ఏమిటని అమ్మ అడగలేకపోయింది.

కొన్ని నెలలకు పోర్ట్ బ్లెయిర్ నుంచి ఉత్తరం వచ్చింది. వాడి ఓడ రాళ్ళను పరీక్షించే నిపుణులను బారెన్ దీవికి తీసుకుపోతుందట. చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అది మన దేశంలో ఉన్న అగ్నిపర్వతం. మా బడి పుస్తకంలో దాని గురించి ఒక్క వాక్యం ఉండేది. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని నేను రెండు పీరియడ్లు చెప్పేవాణ్ణి.

అక్కడ సముద్రం అడుగున ఉన్న నేల పక్క నేల కిందికి దూరుతూ ఉంటుంది. లోతుకు పోయినకొద్దీ పైరాయి కరిగి, పగుళ్ళు వెతుక్కుంటూ పైకి వస్తుంది. మనకు కనిపించే దీవి ఆ కొండకు కొన మాత్రమే, మిగతాదంతా నీళ్ళలోనే ఉంది. చుట్టూ పాత కొండ గోడలా నిలబడి, పడమట ఒకచోట తెగి ఉంటుంది. లోపల ఇంకో చిన్న కొండ. దాని కడుపులోంచి వచ్చిన నల్లటి రాయి ఆ తెగిన చోటు గుండానే సముద్రంలోకి పారింది. అప్పటికి ఆ కొండ చాలాకాలంగా నిద్రలో ఉంది. పైన మాత్రం కాస్త పొగ, గంధకం వాసన.

ఇదంతా నేను చదివినది. చిన్నోడు చూశాడు. కాలు పెడితే రాళ్ళు గాజుపెంకుల్లా చప్పుడు చేస్తాయని, ఎవరో ఎప్పుడో వదిలేసిన మేకలు తప్ప అక్కడ ఎవరూ లేరని, ఆ మేకలు ఉప్పునీళ్ళే తాగుతాయని ఓడవాళ్ళు అంటున్నారని రాశాడు.

నేను వెంటనే జవాబు రాశాను. నాకు ఒక రాయి కావాలి. ఒడ్డున దొరికేవి వద్దు, అలలు అరగదీసినవి పనికిరావు. లోపలి కొండ మీదిది, చిల్లులు బాగా కనిపించేది, పిడికిట్లో పట్టేది ఒకటి తే. ఇదీ నా ఉత్తరం. దొరక్కపోతే పరవాలేదు అని ఒక్క ముక్క రాసి ఉండొచ్చు. కాగితంలో చోటు కూడా ఉంది. రాయలేదు.

తరువాత వచ్చింది తంతి. నిపుణులు పని ముగించుకుని దిగిపోయాక, మా అన్నకు ఒకటి కావాలని చిన్నోడు ఒక్కడే మళ్ళీ ఎక్కాడట. అదంతా బూడిద, గుల్లరాళ్ళు కలిసిన ఏటవాలు. కాలు జారింది, తలకు దెబ్బ తగిలింది. ఓడ రేవు చేరేలోపే ప్రాణం పోయింది. పోర్ట్ బ్లెయిర్‌లోనే దహనం చేశారు. మాకు వాడి ముఖం కూడా దక్కలేదు.

దాదాపు నెల తరువాత వాడి రేకుపెట్టె వచ్చింది. అది వచ్చాకే కర్మ మొదలుపెడదామని పెద్దలు అన్నారు. పెట్టె నేనే తెరిచాను. నాలుగు చొక్కాలు, నా ఉత్తరాలు, ఒక పసుపు గుడ్డసంచి. సంచిలో రాయి. దాంతోపాటు ఓడ ఇంజనీరు ఇంగ్లీషులో రాసిన చీటీ. రాయి అతని పిడికిట్లో ఉంది, పారేయడానికి మాకు మనసు రాలేదు, అన్నకోసం అని చెప్పాడు గనుక పంపుతున్నాం అని ఉంది.

నేను అడిగినట్టే ఉంది రాయి. నల్లగా, ఒక పక్క ఎర్రబారి, ఒళ్ళంతా చిల్లులు. గాలి బుడగలు రాతిలో అలాగే గడ్డకట్టుకుపోయిన గుర్తులు. చూడటానికి పెద్దగా ఉన్నా చేతికి తేలిక. మధ్యమధ్య తెల్లని, ఆకుపచ్చని రవ్వలు. కళ్ళలో నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి, మరో పక్క ఆ రవ్వల పేర్లు నా మనసులో వరుసగా వస్తూనే ఉన్నాయి. నేను అలాంటి మనిషిని.

మాలో ఒకరు పోతే పది రోజులు ఒక రాయిని నిలబెడతారు. పోయిన మనిషి అందులో ఉంటాడని నమ్మకం. రోజూ పొద్దున దాని మీద నువ్వులు కలిపిన నీళ్ళు పోస్తారు. పదో రోజు నదిలో వదిలేస్తారు. దహనం చేసిన చోటి రాయి అయితే మంచిది, లేదా అతను తిరిగిన చోటిదైనా సరే అన్నాడు పురోహితుడు.

అమ్మ నా వైపు తిరిగింది. "చిన్నోడు నీకి రాయి తెస్తానన్న్యాడు కదా సామీ. పెట్టెలో వచ్చిండాదా?" అంది. ముద్దుగా పిలిస్తే మా అమ్మ ఇద్దరినీ సామీ అనే పిలిచేది.

ఆ నెలాఖరులో మా బడిలో ప్రదర్శన ఉంది. పెద్ద విద్యాధికారి వస్తున్నాడు. బారెన్ దీవి రాయి ఈ జిల్లాలో ఇంకెవరి దగ్గరా లేదని హెడ్మాస్టరుకు నేను అప్పటికే డప్పు కొట్టేశాను. నదిలో పడితే అది ఇక దొరకదు. నీళ్ళు పోసేందుకు ఏ రాయైతేనేం, రాయి రాయే కదా అనుకున్నాను. చిన్నోడే ఉంటే బీరువాలో పెట్టుకో అన్నా అనేవాడని కూడా అనుకున్నాను. చచ్చినవాడి పేరు చెప్పి మన కోరిక తీర్చుకోవడం ఎంత సులువో అప్పుడు తెలిసింది.

"వచ్చింది మా" అన్నాను. మిల్లు వెనక రైలు పట్టాల దగ్గరికి వెళ్ళి, కంకరలోంచి నల్లగా ఉన్న ఒక రాయి ఏరుకొచ్చాను. నీలగిరి పాదాల దగ్గర క్వారీల్లో కొట్టే రాయి అది.

అమ్మ దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చెంపకు ఆనించుకుంది. "నా బిడ్డ కడసారి తొక్కిన చోటిదా ఇది" అంది. నేను తల ఊపాను.

పెరట్లో కొబ్బరిమట్టల పందిరి కింద దాన్ని నిలబెట్టాం. కర్త నేనే. మొదటి రోజు నేను నీళ్ళు పోస్తుంటే అమ్మ కన్నార్పకుండా చూసింది. నీళ్ళు పైనుంచి జారిపోయాయి, నువ్వులు కింద మట్టిలో పడ్డాయి. "రాయి నీళ్ళు తాగలేదే రా" అంది. నిప్పులోంచి వచ్చిన రాళ్ళు అంతేనమ్మా అని చెప్పాను. ఒక అబద్ధం నిలబెట్టడానికి నా పాఠాన్ని కూడా తప్పుగా చెప్పాను.

సెలవు పెట్టమని అందరూ అన్నా, ప్రదర్శన పని ఉందని రోజూ తొమ్మిదికి బడికి పోయేవాణ్ణి. అసలు రాయిని అక్కడి అద్దాల బీరువాలో, మిల్లు నుంచి తెచ్చిన దూది పరిచి, దాని మీద పెట్టాను. ఆ బీరువాకు ఒకటే తాళంచెవి. అది నా మొలతాడుకే ఉండేది.

రెండో రోజు వెళ్ళి చూస్తే రాయి కింద దూది తడిసి ఉంది. దానికి కారణం నాకు వెంటనే తట్టింది. సముద్రం నడుమ నుంచి వచ్చిన రాయి, చిల్లుల్లో ఉప్పు ఉంటుంది, ఉప్పు గాలిలోని చెమ్మ లాగుతుంది. దూది మార్చాను. మూడో రోజూ తడే. ఉప్పో కాదో తేల్చుకుందామని వేలు తడిపి నాలుకకు రాసుకున్నాను. ఉప్పు లేదు. మా కొళాయిల్లో వచ్చే సిరువాణి నీళ్ళ తీపి మా ఊరివాడు ఎవడూ పోల్చుకోకుండా ఉండలేడు. అదే రుచి. ఇంట్లో నేను పొద్దున రాతిమీద పోసిన నీళ్ళూ అవే.

నాలుగో రోజు నాకన్నా ముందే తెరేసమ్మ చూసింది. ఆమె మా బడి ఆయా. వాళ్ళదీ తెలుగు ఇల్లే, ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషి. మా ఇంట్లో ఏ రాయి పెట్టామో, ఏం పోస్తున్నామో ఆమెకు తెలియదు.

"సార్, ఈ రాతి చిల్లుల్లో నువ్వులు పడుండాయి. ఎలకలు తెచ్చినాయా ఏమో" అంది.

అద్దం దగ్గరికి వంగి చూశాను. ఇలాంటి రాతిలో నల్లటి రవ్వలు కూడా ఉంటాయి, అవి అచ్చం నువ్వుల్లానే కనిపిస్తాయి. తలుపు తీసి, ఒకటి గోటితో లాగి పంటికింద పెట్టాను. నలిగింది. నూనె రుచి తగిలింది.

సరే, నా తడి చేతులకు అంటుకుని వచ్చాయనుకుందాం అనుకున్నాను. ఆ రోజు రాయి కడిగి, తుడిచి, కొత్త దూది వేసి, తాళం పెట్టి, తలుపుల మీద కాగితం అతికించి సంతకం చేశాను. ఐదో రోజు బీరువా దగ్గరికే పోలేదు. ఆరో రోజు చూశాను. కాగితం చిరగలేదు, సంతకం కదలలేదు. దూది నానిపోయి ఉంది. చిల్లుల నిండా నువ్వులు.

ఇక్కడ నా తప్పు దాచకుండా చెప్పాలి. ఇంకా నాలుగు రోజులు మిగిలి ఉన్నాయి. ఆ రోజే రాయిని సంచిలో వేసుకుని ఇంటికి పోయి, పందిరి కింది రాయి తీసేసి దీన్ని పెట్టి ఉంటే సరిపోయేది. అమ్మ కాళ్ళమీద పడితే నాలుగు తిట్టేది, అంతే. కానీ ఆహ్వానపత్రాలు అచ్చయిపోయాయి. వాటిలో బారెన్ దీవి రాయి అని ఉంది, కింద నా పేరు ఉంది.

పదో రోజు బస్సులో మేట్టుపాళయం వెళ్ళాం. ఆడవాళ్ళు రానక్కరలేదన్నా అమ్మ వినలేదు. భవానీలో నడుముదాకా దిగి, రైలు పట్టాల రాయిని వెనక్కి చూడకుండా వదిలాను. గట్టు మీద నుంచి అమ్మ అడిగింది.

"పోయినాడా సామీ?"

"పోయినాడు మా" అన్నాను.

మర్నాడే ప్రదర్శన. రాయి కింద పరిచిన తెల్లగుడ్డ నీళ్ళు ఓడుతోంది. పదో రోజుతో అంతా ఆగిపోతుందనుకున్నాను, ఇంకా ఎక్కువైంది. విద్యాధికారి నవ్వుతూ, మెరవడానికి నానబెట్టి తెచ్చారా మాస్టరూ అని అడిగాడు. అవును సార్ అని నేనూ నవ్వాను. మా బడికి మొదటి బహుమతి ఇచ్చారు. 

ఆ తరువాత ఆ రాయి ఒక్కరోజు కూడా ఆరలేదు. నేనే రోజూ దూది పిండేవాణ్ణి. ఇంట్లో అమ్మకు నిద్ర పట్టడం మానేసింది. ఎందుకని అడిగితే ఒకే మాట.

"చిన్నోడు తడిసిపోయి నిల్చుకోనుండాడు రా. తల తుడ్చేదానికి ఎవురూ లేరంటాడు. నీళ్ళలో వదిలితే ఒడ్డు చేరతారంటారే, వీడు యేంటికి చేరలేదు?"

 పాఠం నోట్సు రాసుకుంటున్నట్టు తల వంచుకునేవాణ్ణి. ఆమె బుగ్గలు లోపలికి పోయాయి. పెద్దకొడుకు పక్కనే కూర్చుని అది చూస్తూ ఊరుకున్నాడు.

తమిళుల ఆషాఢం, ఆడి నెల వచ్చింది. కోయంబత్తూరులో చినుకు లేదు, ఎండ కాస్తోంది. ఒక ఉదయం బడికి వెళ్ళేసరికి తెరేసమ్మ గోనెపట్టాతో నేల తుడుస్తోంది. బీరువా అడుగు అర నిండా నీళ్ళు. గ్లోబు అట్టముక్క ఉబ్బిపోయింది, పటాల రంగులు కలిసిపోయాయి. కప్పు చూశాం, గోడ చూశాం, ఎక్కడా చెమ్మ లేదు. హెడ్మాస్టరు నన్నే తిట్టాడు.

మధ్యాహ్నం టీకొట్టు దగ్గర మేట్టుపాళయం బస్సు కండక్టరు చెబుతుంటే విన్నాను. నీలగిరిలో వానలు కుమ్మేస్తున్నాయట, భవానీ మెట్లన్నీ మునిగిపోయాయట.  నేను తమ్ముడని పిలిచి వదిలిన రాయి ఆ నదిలోనే ఉంది.

తిరిగి వచ్చేసరికి తెరేసమ్మ ఇంకా అక్కడే ఉంది. "సార్, అది ఎవురిదో వాళ్ళకి ఇచ్చేయండి. పావం, నాకి చూస్తాంటే ఏడుపొస్తాది" అంది. ఎవరిదని నన్ను అడగలేదు. పాత గుడ్డ ఒకటి తెచ్చి తనే చుట్టి ఇచ్చింది.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ గడపలో కూర్చుని రేషను బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. పిడికిలి, చీటీ, రైలు పట్టాలు, నువ్వులు, అన్నీ. తిడుతుందనుకున్నాను. కొడుతుందేమోనని కూడా అనుకున్నాను.

అమ్మ చేట పక్కన పెట్టింది. రాయిని ఒళ్ళో పెట్టుకుని చీరచెంగుతో తుడవడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు తలంటు పోసి మా నెత్తులు తుడిచినట్టే, గట్టిగా అదిమి, ఒక్కో చిల్లులోకీ చెంగు కొన దూర్చి తుడిచింది. మిల్లు సంగు కూసినా చెయ్యి ఆపలేదు. తుడవడం అయ్యాక అంది.

"నాకి చెప్పింటే నేనే ఇచ్చింటాను కదరా, బీరువాలో పెట్టుకో అని. చిన్నోడు నీకోసం తెచ్చింది. నేను వద్దంటానా?"

అంతే. ఆ మాట నన్ను ఇంకా తింటూనే ఉంది. నేను ఆడిన అబద్ధం అవసరమే లేని అబద్ధం.

ఆ రోజు నుంచి రాయి ఆరిపోయింది. మరుసటి ఆడిలో భవానీ మళ్ళీ పొంగింది. రాయి మాత్రం అమ్మ తలగడ పక్కన పొడిగానే ఉంది. అమ్మకు నిద్ర పట్టింది. ఆ కల మళ్ళీ రాలేదంది. ఒక్కటే మారింది. అమ్మ నన్ను సామీ అని పిలవడం మానేసింది. అన్నం పెట్టేది, మాట్లాడేది, జ్వరం వస్తే కషాయం కాచేది. ఆ ఒక్క పిలుపు మాత్రం లేదు. నేను అడగలేదు. ఏ ముఖం పెట్టుకుని అడుగుతాను?

కొన్నేళ్ళకు ఆ దీవిలో కొండ మళ్ళీ నిద్రలేచిందని పేపర్లో వచ్చింది. చిన్నోడు జారిన ఏటవాలు ఇప్పుడు కొత్తరాయి కింద పూడిపోయి ఉంటుంది. వాడు తొక్కిన నేలలో మాకు మిగిలింది ఆ పిడికెడే అని అమ్మకు చదివి వినిపించాను. "మన కారమడై సామీ రాయే కదా. ఉండనీ" అంది.

అమ్మ పోయే రోజు పొద్దున నేను పక్కనే ఉన్నాను. చేత్తో తలగడ పక్కన తడిమి రాయిని నా వైపు జరిపింది. "చిన్నోణ్ణి నాతోనే పంపించు సామీ" అంది. అన్ని ఏళ్ళ తరువాత ఆ పిలుపు అదొక్కసారే. నేను పసివాడిలా ఏడ్చాను.

అమ్మకు ఆ రాయినే నిలబెట్టాను. పది రోజులూ పోసిన నీళ్ళు పోసినట్టే తాగింది, చుక్క కింద పడలేదు. పదో రోజు భవానీలో వదిలితే, మునిగిన చోట చాలాసేపు బుడగలు వచ్చాయి. చిల్లుల్లో గాలి ఉంటుంది, నీళ్ళు లోపలికి వెళితే గాలి బయటికి వస్తుంది. అది నేను చెప్పగలను, పిల్లలకు చెప్పిన పాఠమే. చివరి బుడగ ఆగేదాకా నీళ్ళలోనే నిలబడ్డాను.

తాళం వేసిన బీరువాలోకి మా ఇంటి నీళ్ళు, మా ఇంటి నువ్వులు ఎలా వచ్చాయో మాత్రం చెప్పలేను. ఇన్నేళ్ళు ఆలోచించాను. తెరేసమ్మ చూడకుండా ఉంటే నా పిచ్చే అనుకునేవాణ్ణి.

ఇప్పుడు మేట్టుపాళయం వంతెన దాటేటప్పుడల్లా బస్సు కిటికీలోంచి దణ్ణం పెడతాను. అమ్మకు, చిన్నోడికి. తరువాత ఇంకొకటి పెడతాను, ఆ రైలు పట్టాల రాయికి. దానికీ పది రోజులు తమ్ముడని చెప్పి నీళ్ళు పోశాను కదా.